పదకొండు మ్యాచ్‌లుగా ఒక్క గోల్ లేదు: మా తొమ్మిదో నంబర్‌ను ఎలా నిలబెట్టుకోవాలి?

సప్తగిరి సర్కిల్

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. సప్తగిరి సర్కిల్ దగ్గర మాకు మందుల దుకాణం ఉంది. రాత్రి పదింటికి షట్టర్ దించి, లెక్క చూసుకుని, భోజనం అయ్యాక రోజుకు ఒక మ్యాచ్, మహా అయితే రెండు ఆడతాను. జట్టును మనమే నడిపే కంప్యూటర్ ఆట, ఫుట్‌బాల్ మేనేజర్ 24. మహిళల ఫుట్‌బాల్ 26లో వచ్చిందని తెలిసినప్పటి నుంచి మనసు అటే ఉంది కానీ, నా ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు.

నా జట్టు స్పెయిన్ రెండో డివిజన్‌లోని స్పోర్టింగ్ హిహోన్. ఎర్ర తెల్ల చారల చొక్కా చూసి ఎంచుకున్నాను. బడిలో ఉండగా మా అమ్మాయిల జట్టు చొక్కా కూడా అలాగే ఉండేది. నిరుడు తొమ్మిదో స్థానంలో ముగించాం. మా తొమ్మిదో నంబర్ ఆటగాడికి, అంటే మా ప్రధాన స్ట్రైకర్‌కు, 22 ఏళ్లు. 38 మ్యాచ్‌లలో 21 గోల్స్ కొట్టాడు. పెనాల్టీలు కూడా కాదు, అన్నీ ఆటలో వచ్చినవే. పెనాల్టీలు మా మిడ్‌ఫీల్డర్ కొట్టేవాడు. ఈ సీజన్‌లో మాపై ఆశలు పెరిగాయి, బోర్డు ప్లేఆఫ్ (పై డివిజన్‌కు వెళ్లేందుకు ఆడే మ్యాచ్‌లు) స్థానం కావాలంటోంది. 42 మ్యాచ్‌ల లీగ్‌లో 11 అయ్యాయి, 16 పాయింట్లు వచ్చాయి. అతని గోల్స్ సున్నా.

ఇరవైకి ఇచ్చే అంకెల్లో అతని ఫినిషింగ్ (షాట్‌ను గోల్‌గా మలచడం) 15, వేగం 16, ఆఫ్ ది బాల్ (బంతి లేనప్పుడు కదలిక) 14, కంపోజర్ (నిబ్బరం) 11. నిరుడు కూడా ఇవే అంకెలు. గాయాలేమీ లేవు. అందుకే నాకు అర్థం కావడం లేదు.

మూడో మ్యాచ్ తర్వాత పిలిచి మాట్లాడాను, ఆట బాగోలేదని గట్టిగానే చెప్పాను. మొరేల్ (మనోబలం) పడిపోయింది. ఐదో మ్యాచ్‌లో అతని పాత్రను అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్ (ముందంతా తిరుగుతూ దాడి చేసేవాడు) నుంచి పోచర్‌గా (గోల్ దగ్గరే కాచుకునేవాడు) మార్చాను. ఏడో మ్యాచ్‌కు ప్రెసింగ్ ఫార్వర్డ్ (ఎదుటి డిఫెండర్ల మీదికి పరుగెత్తేవాడు) చేశాను. ఎనిమిదో మ్యాచ్‌లో ధైర్యం వస్తుందని పెనాల్టీ ఇచ్చాను. గోల్‌కీపర్ చేతిలోకి కొట్టాడు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. తర్వాత రెండు మ్యాచ్‌లు బెంచి మీద కూర్చోబెట్టి, చివర్లో కాసేపు ఆడించాను. ఇప్పుడు ఏ మ్యాచ్‌లో చూసినా అతని పేరు పక్కన ‘బెరుకుగా ఉన్నాడు’ అనే అర్థంలో గుర్తు వస్తోంది.

అవకాశాలు రావడం లేదని ఎవరైనా అంటారేమో. నిరుడు మొత్తం 84 షాట్లు కొట్టాడు, మ్యాచ్‌కు రెండుకు పైచిలుకు. ఈసారి ఇప్పటికే 31, అంటే మ్యాచ్‌కు దాదాపు మూడు. అవకాశాలు పెరిగాయి, గోల్స్ ఆగిపోయాయి. లోపం అతని తలలోనే ఉందనిపిస్తోంది.

అమ్మేయమని మాత్రం చెప్పకండి. పందొమ్మిదేళ్ల వయసులో వేరే క్లబ్ రిజర్వ్ జట్టులో ఉన్నవాడిని నేనే చూసి తెచ్చుకున్నాను. అతన్ని తిరిగి నిలబెట్టే దారి కావాలి.

---

కడప స్టాపర్

వద్దన్నారు కానీ చెప్పకుండా ఉండలేను. జనవరిలో అమ్మేయండి. నిరుటి 21 గోల్స్ ఇంకా అందరికీ గుర్తున్నాయి, ధర పలుకుతుంది. మే వరకు ఆగితే సగం కూడా రాదు.

ఆటలో బయటకు కనిపించని గుణాలు కొన్ని ఉంటాయి. నిలకడ, ఒత్తిడి తట్టుకోవడం, పెద్ద మ్యాచ్‌లలో ఆడే తీరు. వాటికి మన కళ్ల ముందు అంకె ఉండదు. మీ కోచ్‌ల నివేదిక తెరిచి, నిలకడ లేదని ఎక్కడైనా రాశారేమో చూడండి. రాసి ఉంటే మాటలతో మారేది కాదు.

నిజం ఆటలోనూ చూశాం. 2011 జనవరి చివరి రోజున ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ 5 కోట్ల పౌండ్లు పెట్టి లివర్‌పూల్ స్ట్రైకర్ ఫెర్నాండో టోరెస్‌ను తెచ్చుకుంది. తొలి గోల్‌కు 903 నిమిషాలు పట్టింది. ఏప్రిల్ 23న వెస్ట్ హామ్ మీద, వాన నీళ్లు నిలిచిన మైదానంలో బంతి బురదలో ఆగితే తిరిగి కొట్టాడు. నేను అతని అభిమానిని, ఆ రోజు ఇంట్లో ఎగిరి గంతేశాను. కానీ లివర్‌పూల్‌లో చూసిన టోరెస్ మాత్రం చెల్సీలో మళ్లీ కనిపించలేదు. ఎదురుచూసి ఎదురుచూసి బాధపడ్డవాడిగా చెబుతున్నాను.

---

తుంగభద్ర ఒడ్డు

కర్నూలు నుంచి. నేను గణితం చెబుతాను కాబట్టి నాకు ముందు అంకెలే కనిపిస్తాయి. సప్తగిరి గారూ, షాట్ల సంఖ్య రాశారు కానీ ఎక్స్‌జీ రాయలేదు. ఆటలోని గణాంకాల పేజీ డేటా హబ్‌లో చూసి రెండు సీజన్లవీ పెట్టగలరా? తెలియనివారి కోసం: ఒక షాట్ కొట్టిన చోటు, కోణం వంటివి చూసి అది గోల్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే అంకె అది. పెనాల్టీకి ఇంచుమించు 0.78 ఉంటుంది. అంటే పది కొడితే ఎనిమిది దాకా పడాలి.

---

సప్తగిరి సర్కిల్

చూశాను. నిరుడు 84 షాట్లకు 14.3. ఈసారి పెనాల్టీతో కలిపి 31 షాట్లకు 2.6.

---

తుంగభద్ర ఒడ్డు

ఇందులోనే సగం జవాబు ఉంది.

ముందు నిరుటి సంగతి. 14.3 రావలసిన చోట 21 కొట్టాడు. మంచి ఫినిషర్ కొంత ఎక్కువ కొడతాడు, నిజమే, కానీ ఏడు గోల్స్ తేడాలో అదృష్టం వాటా కూడా ఉంది. కాబట్టి 21ని అతని మామూలు కొలతగా పెట్టుకుంటే ఏ ఏడాదైనా అతను తక్కువే అనిపిస్తాడు. నా లెక్కలో అతను ఏడాదికి 15, 16 గోల్స్ ఆటగాడు. రెండో డివిజన్‌లో అది ఎంతో మంచి ఆటగాడు.

ఇక ఈ సీజన్. 2.6లో పెనాల్టీ 0.78 తీసేయండి. మిగిలిన 30 షాట్లకు దాదాపు 1.8. షాట్‌కు 0.06. నిరుడు షాట్‌కు 0.17 ఉండేది. షాట్లు పెరిగాయన్నారు, పెరిగాయి. కానీ ఒక్కో షాట్ విలువ మూడో వంతుకు పడిపోయింది. షాట్‌కు 0.06 చొప్పున 30 షాట్లు ఏ స్ట్రైకర్ కొట్టినా, ఒక్కటీ పడకపోయే అవకాశం నూటికి పదిహేను దాకా ఉంటుంది. ఆ పెనాల్టీ కూడా పోవడంతో మీకు కొండంతగా కనిపిస్తోంది. తరగతిలో నలభై మంది స్ట్రైకర్లను కూర్చోబెడితే, ఏ తప్పూ లేకుండానే ఆరుగురు ఈ స్థితిలో ఉంటారు.

అతని తలలో లోపం ఉందని ఈ అంకెలు చెప్పడం లేదు. అతను ఎక్కడి నుంచి కొడుతున్నాడో చూడమంటున్నాయి.

---

పాత కోచ్

అమ్మా, నేను కూడా అనంతపురం వాడినే. స్పెయిన్‌లో పుట్టిన ఫాదర్ ఫెర్రర్ 1969లో మన జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన పని వల్ల ఇక్కడి పల్లెల్లో పిల్లలు ఏ ఆటలు ఆడుతున్నారో నీకు చెప్పనక్కర లేదు. ఎర్ర తెల్ల చొక్కా వేసుకున్నావంటే నువ్వూ ఆ మైదానాల మట్టి తొక్కినదానివే అయి ఉంటావు. నేను పద్దెనిమిదేళ్లు ఊళ్లలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పాను. మోకాలు సహకరించక మానేశాక మా అబ్బాయి ఈ కంప్యూటర్ ఆట పెట్టి ఇచ్చాడు.

ఒక సంగతి చెబుతాను, ఓపికగా చదువు. కళ్యాణదుర్గం వైపు ఒక ఊరిలో పద్నాలుగేళ్ల లోపు అమ్మాయిల జట్టు ఉండేది. అందులో ముందు వరుసలో ఆడే పిల్ల ఒక ఏడాది అంతా మ్యాచ్‌కు రెండు, మూడు గోల్స్ కొట్టింది. మరుసటి ఏడాది ఆగిపోయింది. నేను నువ్వు చేసినవన్నీ చేశాను. పక్కకు పిలిచి మందలించాను. చోటు మార్చాను. రెండు మ్యాచ్‌లు కూర్చోబెట్టాను. ఆ పిల్ల ఏడవలేదు, ఏమీ అనలేదు, బంతి వస్తే చాలు ఎక్కడి నుంచైనా సరే గట్టిగా తన్నడం మొదలుపెట్టింది. నా నోరు మూయించాలంటే ఒక్క గోల్ కావాలి కదా మరి. చాలా దూరం నుంచి కూడా కొట్టేది. నేను దానికి కూడా కోప్పడేవాడిని.

నెలన్నర తర్వాత ఒక సాయంత్రం తేలింది. ఆ పిల్లకు ఎడమ పక్క నుంచి బంతి ఇచ్చే అమ్మాయి జట్టులో లేదు. ఆ ఏడు వాన పడలేదు, పంట చేతికి రాలేదు, వాళ్ల కుటుంబం కూలి పనులకు బెంగళూరు వెళ్లిపోయింది. ఆ అమ్మాయి గోల్స్ కొట్టేది కాదు కాబట్టి నేను పెద్దగా లెక్కలో పెట్టుకోలేదు. ఆ అమ్మాయి లేని లోటు ఈ పిల్ల కాళ్లకు తెలిసింది, నాకు తెలియలేదు. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

కాబట్టి నా ప్రశ్న ఒకటే. నిరుడు మీ తొమ్మిదో నంబర్‌కు బంతి ఇచ్చింది ఎవరు? వాళ్లు ఇప్పుడు మీ జట్టులో ఉన్నారా?

రెండోది ఎదుటి జట్లు. నిరుడు మీరు ఎవరికీ పట్టని జట్టు. మీ మీదికి వచ్చేవాళ్లు, వెనక మైదానం ఖాళీగా ఉండేది, వేగం 16 ఉన్నవాడు అందులోకి పరుగెత్తేవాడు. ఈసారి మిమ్మల్ని చూసి జాగ్రత్తపడతారు. పది మందీ తమ పెనాల్టీ పెట్టె ముందు గోడ కట్టి నిలబడతారు. గోడ ముందు వేగం ఏం చేస్తుంది? కర్నూలు మాస్టారు చెప్పిన 0.06 అక్కడి నుంచే వస్తోందని నా నమ్మకం. మ్యాచ్ విశ్లేషణలో షాట్ మ్యాప్ (ఏ షాట్ ఎక్కడి నుంచి కొట్టాడో చుక్కలతో చూపే బొమ్మ) తెరువు. చుక్కలు పెట్టె అంచున, బయట ఉంటే నేను చెప్పింది నిజం. గోల్ ముందు ఆరు గజాల గీత దగ్గర ఉంటే నేను తప్పు, అప్పుడు కడప వారి మాట వినాలి.

ఇక చేయవలసినవి. పాత్రలు మార్చడం ఆపు. మార్చిన ప్రతిసారీ ఆ పాత్ర అతనికి అలవాటు కావడానికి మళ్లీ సమయం పడుతుంది, జట్టు కూడా తడబడుతుంది. నిరుడు ఏ పాత్రలో కొట్టాడో అందులోనే ఉంచు. బెంచి మీద కూర్చోబెట్టకు. మ్యాచ్ ఆడకపోతే పదును తగ్గుతుంది, పదును తగ్గినవాడిని చివరి ఇరవై నిమిషాలకు దించి గోల్ కొట్టమనడం న్యాయం కాదు. అలసట కనిపిస్తే తప్ప మొదటి పదకొండు మందిలో ఉండాలి. వారం మధ్యలో మ్యాచ్ లేకపోతే చిన్న క్లబ్‌తో ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టు. అక్కడ రెండు పడితే కాస్త తేలికపడతాడు.

మాటల విషయంలో నిజం మాత్రమే చెప్పు. బాగా ఆడనప్పుడు ఆటను మెచ్చుకుంటే ఆ ఆటగాళ్లు నమ్మరు, నీ మాటకు విలువ పోతుంది. శిక్షణ రేటింగ్ చూడు. అది బాగుంటే శిక్షణను మెచ్చుకో, అది అతను సంపాదించుకున్న మెప్పు. మ్యాచ్‌కు ముందు అతనితో విడిగా, ఒత్తిడి ఏమీ లేదని చెప్పు. ఆట మధ్యలో ఇంకా కావాలి, ఇంకా కావాలి అని అరవకు. బెరుకుగా ఉన్నవాడికి అది పనికిరాదు.

పెనాల్టీలు మళ్లీ మిడ్‌ఫీల్డర్‌కే ఇచ్చేయి.

---

కడప స్టాపర్

కోచ్ గారూ, షాట్ మ్యాప్ పరీక్షకు నేను ఒప్పుకుంటాను. అయితే రెండో స్ట్రైకర్ ఒకరు ఉండాలన్న మాట మీద మాత్రం నిలబడతాను. 42 మ్యాచ్‌ల లీగ్‌లో ఒక్కడి మీద ఆధారపడితే గాయం అయిన రోజు ఏం చేస్తారు?

---

తుంగభద్ర ఒడ్డు

టోరెస్ మాట వచ్చింది కాబట్టి ఉరుగ్వే స్ట్రైకర్ ఫోర్లాన్ మాట కూడా రావాలి. 2002 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చాడు. తొలి గోల్ సెప్టెంబర్‌లో, మకాబీ హైఫా మీద, అదీ పెనాల్టీ. ఎనిమిది నెలలు. ఆ తర్వాత స్పెయిన్‌లో విల్లారియల్‌కు వెళ్లి 2004-05లో లీగ్‌లో 25 గోల్స్ కొట్టాడు. 2010 ప్రపంచ కప్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. ఇంగ్లండ్‌లో ఉన్న కాళ్లే స్పెయిన్‌లోనూ ఉన్నాయి. చుట్టూ ఉన్న జట్టు మారింది.

---

సప్తగిరి సర్కిల్

ఇప్పుడే అన్నీ చూసి వచ్చాను, చేతులు వణుకుతున్నాయి.

నేను ప్రతి మ్యాచ్ వివరం దుకాణంలోని పాత లెక్కల పుస్తకంలో రాసుకుంటాను. గోల్ ఎవరు, ఇచ్చింది ఎవరు, ఎన్నో నిమిషం. మా నాన్న చూసి, మందుల లెక్క కూడా ఇంత శ్రద్ధగా రాయవచ్చు కదా అంటారు. నిరుటి పేజీలు ముందేసుకుని కూర్చున్నాను. 21 గోల్స్‌లో 9 మా ఎడమ బ్యాక్ ఇచ్చినవి. తొమ్మిది! అతను అరువు మీద వచ్చిన కుర్రాడు, జూన్‌లో తన క్లబ్‌కు వెళ్లిపోయాడు. డిఫెండరే కదా అని అతని చోట ఎత్తు, ట్యాక్లింగ్ చూసి ముప్పై ఏళ్ల ఆటగాడిని తెచ్చాను. అతని క్రాసింగ్ (పక్క నుంచి గోల్ ముందుకు బంతి ఇవ్వడం) 8. ఈ 11 మ్యాచ్‌లలో అతను మధ్య గీత దాటింది తక్కువ.

షాట్ మ్యాప్ కూడా మీరు చెప్పినట్లే ఉంది. పెనాల్టీ కాకుండా 30 చుక్కల్లో 19 పెట్టె బయట. ఆరు గజాల గీత లోపల ఒక్కటంటే ఒక్కటే. ఆ పిల్లలాగే ఇతనూ దూరం నుంచి కొట్టేస్తున్నాడు. అతన్ని నేను తిట్టాను కోచ్ గారూ.

మార్పులు ఇవి. రిజర్వ్ జట్టులోని పందొమ్మిదేళ్ల ఎడమ బ్యాక్‌ను పైకి తెచ్చాను. ట్యాక్లింగ్ తక్కువే కానీ క్రాసింగ్ 13, పరుగు బాగుంది. అతన్ని దాడికి వెళ్లే పాత్రలో పెట్టాను, వెనక ఖాళీ కాకుండా డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ను వెనకే ఉంచాను. క్రాస్‌లు కింది నుంచి ఇవ్వమన్నాను, మావాడు పొడవు కాదు. బంతిని పెట్టె లోపలికి చేర్చాకే కొట్టమని జట్టుకు సూచన ఇచ్చాను. తొమ్మిదో నంబర్ మళ్లీ అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్. శిక్షణ రేటింగ్ 7.9 ఉంది, మెచ్చుకుంటే సంతోషించాడు.

కడప అన్నా, మీ మాట కూడా విన్నాను. జనవరిలో రెండో స్ట్రైకర్‌ను అరువు మీద తెస్తాను. ఇతన్ని మాత్రం అమ్మను.

---

పాత కోచ్

ఎడమ వైపు రిజర్వ్ కుర్రాడికి మొదటి రెండు మ్యాచ్‌లలో తప్పులు జరుగుతాయి. అటు నుంచి ఒక గోల్ పడవచ్చు. భయపడి మార్చేయకు. ఫలితం రాయి.

---

సప్తగిరి సర్కిల్

మూడు మ్యాచ్‌లు అయ్యాయి.

పన్నెండో మ్యాచ్ 1-1. మీరన్నట్లే ఎడమ వైపు నుంచే గోల్ ఇచ్చాం. మావాడు రెండే షాట్లు కొట్టాడు, రెండూ పెట్టె లోపల. ఒకటి స్తంభానికి తగిలింది. బెరుకు గుర్తు విరామం తర్వాత పోయింది. పదమూడో మ్యాచ్ 0-0. ఒకే షాట్. నిజం చెబుతున్నాను, పుస్తకం మూసేసి పోచర్‌గా మారుద్దామా అని అరగంట ఆలోచించాను. మార్చలేదు.

పద్నాలుగో మ్యాచ్ నిన్న రాత్రి. 63వ నిమిషంలో రిజర్వ్ కుర్రాడు ఎడమ గీత వెంట పరుగెత్తి కిందుగా ఇచ్చాడు. గోల్‌కీపర్ చేతికి తగిలి బంతి పక్కకు పోయింది, మావాడు మూడు గజాల దూరం నుంచి షిన్‌తో నెట్టాడు. వికారమైన గోల్. నేను కుర్చీలోంచి లేచి అరిస్తే మా అమ్మ నిద్ర లేచి వచ్చింది. గెలిచాం, 1-0. పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాశాను.

కోచ్ గారూ, ఒకటి అడగాలి. బెంగళూరు వెళ్లిన ఆ అమ్మాయి తర్వాత తిరిగి వచ్చిందా?

---

పాత కోచ్

రెండేళ్లకు వచ్చిందమ్మా. అప్పటికి ఇద్దరూ పదహారేళ్ల జట్టులో. మొదటి రోజే ఎడమ పక్కన నిలబెట్టాను.